ఆరో తువ్వాలు

"మనిషిని మోటారు గదిలో పడేసి తాళం వేశారా?"

సుభద్ర గొంతు పెంచలేదు. ఆ భోజనశాలలో పెంచాల్సిన అవసరమూ లేదు. గోడవారన వేసిన పొడుగు బల్లల మీద కంచాలు బోర్లించి ఉన్నాయి. తినేటప్పుడు కూడా ఎవరూ మాట్లాడుకోని చోటు అది. ఒకరు గ్రంథం చదువుతుంటే మిగిలినవాళ్లు వింటూ తింటారు. ఉప్పు కావాలన్నా సైగ చేసి అడుగుతారు. అలాంటి చోట రామచంద్రరావు తన సొంత డ్రాయింగ్ రూములో ఉన్నట్టు కాలు మీద కాలేసుకుని కూర్చుని, టీలో మూడో చెంచా పంచదార కలుపుకుంటున్నాడు.

"తాళం అనకండి మేడం. సేఫ్ కస్టడీ. పారిపోతాడేమోనని."

"ఈ దేశంలో పోలీసు కానివాడు మనిషిని గదిలో బంధిస్తే ఏమంటారో తెలుసా రావుగారూ? నేరం అంటారు."

"పోలీసుల దాకా ఎందుకండీ? వాడూ మన తెలుగువాడే. కేసయితే జైలు. అందుకే నేను దయతలచి వీసా క్యాన్సిల్ చేయించి, రాత్రి ఫ్లైటుకి పంపించేస్తున్నాను. రేపు పొద్దుటికి ఇంట్లో ఉంటాడు. నిజానికి మీరు నాకు థ్యాంక్స్ చెప్పాలి."

దయట! సుభద్రకి అరికాలి మంట నెత్తికెక్కింది.

జరిగింది ఇదీ. దుబాయ్‌కి అవతల ఉన్న రాస్ అల్ ఖైమాలో చర్చి ఆవరణ వెనక ఐదుగురు బెనెడిక్టిన్ సన్యాసుల చిన్న మఠం ఉంది. గంట కొట్టినప్పుడల్లా ప్రార్థన, మిగిలిన వేళంతా చేతిపని. వంట, తోటపని, ఊడ్చుకోవడం, చర్చిలకి కొవ్వొత్తులు పోసి పంపడం, అన్నీ వాళ్లే చేసుకుంటారు. మోటారు, ఏసీలు, కరెంటు చూడటానికి మాత్రం ఒక మెయింటెనెన్స్ కంపెనీ భూమేశ్ అనే అతన్ని పెట్టింది. జగిత్యాల వైపు పల్లెటూరివాడు. ఆవరణలోనే చిన్న గదిలో ఉంటూ, తనది తనే వండుకు తింటాడు.

నిన్న, శుక్రవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక సన్యాసులందరూ ఎవరి గదిలో వాళ్లు మౌనంగా చదువుకుంటున్న వేళ, కొవ్వొత్తుల గదిలో బ్రదర్ ప్లాసిడ్ తల పగిలి పడి ఉన్నాడు. ఫిలిప్పీన్స్ మనిషి, కొవ్వొత్తులు పోసేదీ సామాను గది చూసేదీ ఆయనే. భూమేశ్ ఆయన్ని బయటికి మోసుకొచ్చాడు. కాలు జారి పడ్డాడనే అందరూ అనుకున్నారు. ఆసుపత్రిలోనూ అదే చెప్పారు. ఆ సాయంత్రం చూస్తే ఆ గదిలో ఉండాల్సిన వెండి ధూపపాత్ర లేదు. ఇంకేముంది, కంపెనీ సెక్యూరిటీ మేనేజరు రామచంద్రరావు దిగిపోయి, భూమేశ్‌ని మోటారు గదిలోకి తోయించాడు. ఈ ఉదయం మళ్లీ వచ్చి, భూమేశ్ గదిలో ఉన్న అతని సంచిలోంచి ధూపపాత్ర తీసి చూపించాడు.

అప్పుడే ఆ వారం వంట చూస్తున్న బ్రదర్ ఇన్నయ్య, ఫిరంగిపురం మనిషి, ఉండబట్టలేక షార్జాలో లాయరుగారి ఆఫీసుకి ఫోన్ చేశాడు. కాకినాడలో సబ్‌ఇన్‌స్పెక్టరుగా పనిచేసి మానేసిన సుభద్ర ఆ ఆఫీసులో కేసుల నిజానిజాలు తవ్వి తీసే మనిషి. బయల్దేరేటప్పుడు లాయరుగారు ఒకటే మాట చెప్పారు. "నీ కోపం కారులో వదిలేసి లోపలికి వెళ్లమ్మా."

రావుతో ఆమెకిది మొదటి పేచీ కాదు. నెల కిందట ఇదే కంపెనీ క్వారీలో రాళ్లు మోసే బెల్టు కింద పడి నరేశ్ అనే కూలీ చెయ్యి నలిగిపోయింది. అసలు ప్రమాదమే జరగలేదు, వాడు పని ఎగ్గొట్టి పారిపోయాడు అని కంపెనీ వాదన. లాయరుగారు నరేశ్ తరఫున వేసిన కేసుకి సోమవారం కోర్టు వాయిదా. నరేశ్ వచ్చి చెయ్యి చూపిస్తే చాలు, కంపెనీ పని అయిపోయినట్టే. కానీ నరేశ్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. సుభద్ర క్యాంపులన్నీ జల్లెడ పట్టింది. రావు మనుషులూ పట్టారు.

"బ్రదర్ ప్లాసిడ్‌కి తెలివి వచ్చిందా?" అని అడిగింది సుభద్ర.

"ఇంకా లేదు. మా సూపర్‌వైజర్ ఆశిష్‌ని నిన్న సాయంత్రం నుంచి వార్డు గుమ్మంలోనే కూర్చోబెట్టాను. లోపల మంచం పక్కన ఒక స్వామి జపం చేసుకుంటున్నాడు, బయట మావాడు కాపలా. ఇదంతా నా డ్యూటీ కాదు మేడం, మానవత్వం."

"ఆ మానవత్వం తాళంచెవి ఇలా ఇవ్వండి."

రావు నవ్వి టీ చప్పరించాడు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉన్న ఫాదర్ అన్సెల్మ్ ముందుకొచ్చాడు. మఠం పెద్ద ఆయనే. మలయాళీ అయినా చాలాకాలం గుంటూరు వైపు ఉన్నాడు, ప్రార్థన పుస్తకాల్లోంచి నేర్చుకున్న తెలుగు మాట్లాడతాడు.

"రావుగారూ, తాళపుచెవి ఇయ్యండి. ఇది దేవుని ఇల్లు. ఇందులో చెర ఉండకూడదు."

అంత పెద్దాయన చెయ్యి చాపి నిలబడితే ఇవ్వక తప్పలేదు.

మోటారు గదిలో ఉక్క, డీజిల్ వాసన. భూమేశ్ గోనెపట్టా మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కాళ్లు ముడుచుకుని లుంగీ కింద దాచుకున్నాడు. ఆమెని చూసి లేవలేదు, కూర్చునే దండం పెట్టాడు. భయంతో బిగుసుకుపోయాడనుకుంది సుభద్ర. ముప్పై ఐదేళ్లుంటాయేమో, కళ్లు పీక్కుపోయి ఉన్నాయి.

"లేవకు. లాయరాఫీసు నుంచి వచ్చాను బాబూ. నిన్న ఏం జరిగిందో చెప్పు."

"ఏమున్నది మేడం. అన్నం తిన్నంక అందరు రూములల్లకు వోయిండ్రు. గప్పుడు ఇక్కడ ఎవ్వలు మాట్లాడరు. నేను గీ మోటర్ కాడ వాషర్ మారుస్తున్న. కొవ్వొత్తుల రూములకెళ్లి దబ్బున సప్పుడైంది. ఉరికిన. బ్రదర్ కింద వడి ఉన్నడు, తలకాయకెళ్లి నెత్తురు. ఎత్తుకోని వరండలకు తెచ్చి గంట కొట్టిన. గంతే."

"అంతకుముందు ఎవరి మాటలైనా వినపడ్డాయా?"

"బ్రదర్ గొంతు ఇనవడ్డది. నో, నో అన్నడు."

"ఎవరితో?"

"అవుతలోన్ని నేను జూడలే. ఎనక గేటుకెళ్లి ఉరికినట్టున్నడు."

"దేనికి నో అన్నాడు?"

భూమేశ్ తల దించుకున్నాడు. "అది అడగకుండ్రి మేడం."

"అడక్కపోతే ఎలా? రాత్రి నిన్ను దొంగని చేసి విమానం ఎక్కిస్తున్నారు. మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టలేవు. అర్థమవుతోందా?"

"సమజైంది. పంపుతె పంపనియ్యి. ఇంటికాడ మా స్వర్ణకు ఏం జెప్పుకోవాల్నో అదే బుగులు. దుబాయ్ వోయి దొంగతనం జేసి అచ్చిండంటె ఆమె నలుగుట్ల తలెత్తుకోని తిరగది." లుంగీ అంచు ఇంకా కిందికి లాక్కున్నాడు. "గని బ్రదర్‌కు ఒట్టేసిన. ఆ ముచ్చట నా నోట్లకెళ్లి రాదు."

ఒట్టు! సుభద్రకి అతని మీదా కోపం వచ్చింది. మెడ మీద కత్తి పెట్టినా ఒట్టు అంటూ కూర్చునే ఇలాంటి మంచివాళ్లని చూసే రావులాంటి వాళ్లు ఇంతలావు అవుతారు. విసురుగా లేచింది.

"మేడం," అని వెనక నుంచి పిలిచాడు భూమేశ్. "మీకు ఏదన్న సమజైనా సరే, ముదీర్ సాబ్ ముంగట మాత్రం అనకుండ్రి."

ముదీర్ అంటే ఇక్కడ మేనేజరు, అంటే రావు. సరేనంది, కానీ ఆమె మనసు అప్పటికే కొవ్వొత్తుల గది మీద ఉంది.

ఆ గది గుమ్మం బయట ఒక జత హవాయి చెప్పులు ఉన్నాయి. బ్రదర్ ఇన్నయ్య తాళం తీస్తూ చెప్పాడు.

"భూమేశ్‌వేనమ్మా. వద్దన్నా వినడు. గుళ్లోకి వెళ్లినట్టు చెప్పులు బయటే విడుస్తాడు. దేవుడి కొవ్వొత్తులు పోసే గది కదా బ్రదర్ అంటాడు. నిన్న పరిగెత్తుకొస్తూ కూడా విడిచే వచ్చినట్టున్నాడు, పాపం."

"నిన్నటి నుంచి ఈ గదిలోకి ఎవరైనా వచ్చారా?"

"లేదండీ. ఫాదర్‌గారు అప్పుడే తాళం వేసేశారు. సాయంత్రం ధూపపాత్ర లేదని చూసింది కూడా గుమ్మంలోంచే. అంబులెన్సు వాళ్లు కూడా లోపలికి రాలేదు. వాళ్లొచ్చేసరికి బ్రదర్ వరండాలోనే ఉన్నాడు."

లోపల ఒక పక్క ఇత్తడి అచ్చులు, పైన వత్తులు వేలాడగట్టిన తీగ. పొయ్యి పక్కన పెద్ద గిన్నె బోర్లా పడి ఉంది. దాంట్లోంచి ఒలికిన తేనెమైనం గచ్చంతా పరుచుకుని పసుప్పచ్చగా గడ్డకట్టింది. బల్ల మూలకి ఎండిన రక్తం. సుభద్ర చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని గుమ్మంలోనే గొంతుక్కూర్చుంది.

మైనంలో రెండు రకాల గుర్తులు ఉన్నాయి. ఒకటి బూటుది. మడమ లోతుగా దిగి, పక్కకి జారి, వెనక తలుపు వైపు వెళ్లింది. ఆ జారినచోట మైనం పైకి చిమ్మి గోడకి అంటుకుంది.

"మీలో బూట్లు వేసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా బ్రదర్?"

"లేరమ్మా. అందరివీ ఇవే," అని తన చదునైన తోలు చెప్పు చూపించాడు ఇన్నయ్య.

రెండో గుర్తులు వట్టి కాళ్లవి. ఐదు వేళ్లూ విడివిడిగా పడ్డాయి. లోపలికి వచ్చేటప్పుడు పడ్డవి దూరదూరంగా ఉన్నాయి, తిరిగి వెళ్లేటప్పుడు పడ్డవి దగ్గరగా, లోతుగా ఉన్నాయి. బరువు మోసుకుని వెళ్లిన కాళ్లవి.

"ఈ మైనం ఎంత వేడిగా ఉంటుంది?"

"అచ్చుల్లో పోసేముందా? చర్మం ఊడొచ్చేస్తుందమ్మా. చెయ్యి..." అని ఇన్నయ్య ఆగిపోయాడు. అతనికీ అప్పుడే అర్థమైంది.

"నిన్న మధ్యాహ్నం నుంచి ఆ మనిషి కాళ్ల వంక మీలో ఒక్కరైనా చూశారా?"

"రావుగారు తలుపు తియ్యనివ్వలేదమ్మా. అన్నం కిటికీలోంచే ఇచ్చాను. తినలేదు."

"ఎన్నిసార్లు గంట కొట్టి ప్రార్థన చేసుకున్నారో ఈలోగా!"

ఆ మాట అన్నాక సుభద్రకి నాలుక కరుచుకోవాలనిపించింది. ఇన్నయ్య మాత్రం కళ్లు తుడుచుకున్నాడు. ఆ గుర్తులన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసుకుని ఆమె బయటికొచ్చింది.

వంటింటి బల్ల మీద ధూపపాత్ర ఉంది. దాన్ని చుట్టి ఉన్న తువ్వాలుతో సహా సాక్ష్యమని రావు అక్కడే పెట్టించాడు. సుభద్ర ధూపపాత్ర వైపు చూడలేదు. తువ్వాలు ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన. తెలుపులో పలచగా నీలిమందు ఛాయ. ఒక్క మరక లేదు.

"ఇది ఎవరిది?"

"మాదేనమ్మా. భోజనానికి చెయ్యి తుడుచుకునేది," అన్నాడు ఇన్నయ్య.

"ఇంత తెల్లగా ఉంచుతారా?"

"అబ్బే! వారానికొకరం వంట చేస్తాం కదండీ, ఈ వారం నా వంతు. మా బెనెడిక్టు గారు ఎన్నో వందల ఏళ్ల కిందట పెట్టిన నియమం. వంట వంతు అయిపోయినవాడు శనివారం తువ్వాళ్లన్నీ ఉతకాలి, గిన్నెలు తళతళలాడించి అప్పగించాలి. సాయంత్రం అందరి కాళ్లూ కడగాలి. అతిథుల కాళ్లయితే ఫాదర్‌గారే కడుగుతారు. మనిషికి ఒకటే తువ్వాలు, వారమంతా అదే. నేను గోంగూరా చేపల పులుసూ తెగ వండానేమో, నిన్నటికి చూసేలా లేవు అవి. ఇవాళ పొద్దున ప్రార్థన అయ్యాక కూర్చుని, ఉతికి ఆరేశాను." వెనక పెరట్లో దండెం మీద ఎండలో ఊగుతున్న తువ్వాళ్లు చూపించాడు.

సుభద్ర మళ్లీ అడిగింది, ఒక్కో మాటా విడదీసి. "నిన్నటిదాకా మరకలతో ఉన్న తువ్వాలు, ఇవాళ పొద్దున ఉతికిన తువ్వాలు, నిన్న సాయంత్రం నుంచి తాళం వేసిన గదిలో ఉన్న మనిషి సంచిలోకి ఎలా వెళ్లింది బ్రదర్?"

ఇన్నయ్య దండెం వైపూ ఆ తువ్వాలు వైపూ మార్చి మార్చి చూశాడు.

"ఇవాళ పొద్దున బయటి నుంచి ఎవరొచ్చారు?"

"రావుగారొక్కరే. సంచి తనిఖీ చేస్తానని వెనక గేటు నుంచి వచ్చారు. దండెం పక్కనుంచే దారి."

వేలిముద్రలు పడతాయని దండెం మీది గుడ్డ లాగి, ధూపపాత్ర దాంట్లో చుట్టి సంచిలో కుక్కాడన్నమాట! బయటివాడికి ఉతికిన గుడ్డ ఉతికిన గుడ్డే. ఈ ఇంట్లో తువ్వాలు ఏ రోజు తెల్లగా ఉంటుందో వాడికేం తెలుసు? సుభద్ర తువ్వాలు తిరిగి బల్ల మీద పెట్టింది.

"ఫాదర్‌గారితో చెప్పండి," అంది. "ఆ కాళ్లు కడగడమేదో ఇప్పుడే మొదలుపెట్టమనండి. భూమేశ్‌నీ తీసుకురండి."

భోజనశాలలో బల్ల మీద సన్యాసులు వరసగా కూర్చున్నారు. ఫాదర్ అన్సెల్మ్, ఇన్నయ్య కాక మిగిలింది ఇద్దరే. వచ్చే వారం వంట చెయ్యాల్సిన శ్రీలంక పెద్దాయన, లెబనాన్ నుంచి వచ్చిన మరొకాయన. ఇన్నయ్య భుజం ఆసరా ఇచ్చి భూమేశ్‌ని నడిపించుకొచ్చి కూర్చోబెట్టాడు. రావు తన కుర్చీలోంచి కదలకుండా ఫోన్ చూసుకుంటున్నాడు.

"మొదట అతిథులు," అని ఫాదర్ అన్సెల్మ్ బేసిను పట్టుకుని భూమేశ్ ముందు మోకరించాడు.

భూమేశ్ హడలిపోయాడు. "అద్దు ఫాదర్! మీరు పెద్దోళ్లు, నా కాళ్లు ముట్టొద్దు!"

పెద్దాయన వినలేదు. లుంగీ అంచు పైకి తీశాడు. అరికాళ్లు రెండూ బొబ్బలెక్కి, చితికి, పచ్చి పుండ్లయి ఉన్నాయి. వేళ్ల సందుల్లో పసుప్పచ్చని మైనం ఇంకా అంటుకునే ఉంది. ఫాదర్ చేతిలో నీళ్లు అలాగే ఉండిపోయాయి. 

"చూశారా రావుగారూ?" అంది సుభద్ర. ఇప్పుడు గొంతు పెరిగింది, ఆపుకోవాలని కూడా అనుకోలేదు. "దొంగ ఇలా ఉంటాడా? సలసలకాగే మైనంలో వట్టి కాళ్లతో నడిచి మనిషిని మోసుకొచ్చినవాణ్ణి ఉక్కలో పడేసి తాళం వేసి, మీరు పంచదార టీలు తాగుతున్నారు! దొంగిలించి పారిపోయేవాడు చెప్పులు విడిచి లోపలికెళ్తాడా? ఆ గదిలో బూటు గుర్తు ఉంది. ఆ బూటు మనిషే బ్రదర్‌ని తోశాడు. ఆ మనిషే పోతూ పోతూ పట్టుకుపోయిన వెండిని పొద్దున ఉతికి ఆరేసిన తువ్వాల్లో చుట్టి వీడి సంచిలో పెట్టాడు. పొద్దున వచ్చింది మీరొక్కరే!"

"ఎక్కువ ఊహించుకుంటున్నారు మేడం," అన్నాడు రావు. కానీ ఫోన్ మీద వేలు ఆగిపోయింది.

అంతలో ఫాదర్ అన్సెల్మ్ లేచి, ఆ బేసినుతోనే వెళ్లి రావు ముందు మోకరించాడు. ఆయన మొహంలో కోపం లేదు, కనీసం ఎత్తిపొడుపు కూడా లేదు. "మీరును మా అతిథే. కాళ్లు ఇయ్యండి."

"అక్కర్లేదు."

"ఇది మా నియమము."

"అక్కర్లేదన్నానా!" రావు ఎడమ కాలు విసురుగా లాక్కున్నాడు. బేసిను తిరగబడింది. నీళ్లు అతని కొత్త బూటు మీదా మేజోడు మీదా కుమ్మరించినట్టు పడ్డాయి. తడిసి కాలికి అతుక్కున్న పలచటి మేజోడు కింద చీలమండ చుట్టూ తెల్లటి గాజుగుడ్డ కట్టు స్పష్టంగా కనిపించింది.

 మైనం పైకి చిమ్మిన ఎత్తు, కట్టు ఉన్న ఎత్తు ఒకటే.

"షుగరు పుండు," అన్నాడు రావు.

"మూడు చెంచాల పంచదార వేసుకునే షుగరు!" అంది సుభద్ర. "కాలిన గాయమో కాదో డాక్టరే చెప్తాడు. పాత బూట్లు ఎక్కడ పారేశారో పోలీసులు అడుగుతారు."

రావు మొహం తుడుచుకున్నాడు. ఇంత జరిగాక మనిషి కాళ్లబేరానికి వస్తాడనుకుంది ఆమె. రాలేదు. కుర్చీలో వెనక్కి వాలి, ఆమెని ఎగాదిగా చూసి, చిన్నగా నవ్వాడు.

"పోలీసుల దగ్గర మీ తువ్వాలు కథ నిలబడదు మేడం. మనిషికి ఒకటే తువ్వాలన్నారు. సన్యాసులు ఐదుగురు. వెళ్లి చూడండి, దండెం మీద ఐదూ ఉన్నాయి. మరి సంచిలో దొరికింది ఈ ఇంటిది ఎలా అవుతుంది? భూమేశ్ ఎక్కడో కొనుక్కున్నది. లెక్కలు కూడా రాకుండా డిటెక్టివ్ పనికి వచ్చేస్తారా?"

సుభద్ర కిటికీలోంచి చూసింది. నిజమే. ఐదు. ఇన్నయ్య వైపు తిరిగింది.

"మీరు ఎన్ని ఉతికారు బ్రదర్?"

ఇన్నయ్య ఫాదర్ వంక చూశాడు. ఫాదర్ నేల వంక చూశాడు. అబద్ధం చెప్పలేని మనుషులు నోరు మూసుకోవడం తప్ప ఏం చెయ్యగలరు?

"ఎన్ని ఉతికారని అడుగుతున్నాను! మీ మౌనాలు మీ దేవుడి దగ్గర పెట్టుకోండి. మీ మౌనం వల్ల ఒక అమాయకుడు బలైపోతున్నాడు."

"ఆరు," అన్నాడు ఇన్నయ్య, వినపడీ వినపడనట్టు.

"ఆరా? ఆరోది ఎవరిదండీ మరి?" అన్నాడు రావు మెత్తగా.

అక్కడే ఆగి ఉండాల్సింది. సుభద్ర తర్వాత ఎన్నోసార్లు అనుకుంది, అక్కడే ఆగి ఉండాల్సిందని. కానీ లెక్కలు రావన్న మాట ఆమె చెవిలో ఇంకా గింగురుమంటోంది. లెక్క అప్పటికే తలలో తేలిపోయింది, నోటిదాకా వచ్చేసింది.

"నాకు లెక్కలు రావా? వినండి. ఆరో తువ్వాలంటే ఈ ఇంట్లో వారం రోజులుగా ఆరో మనిషి అన్నం తింటున్నాడు. అతిథి. ఆ అతిథిని ఇవ్వమనే మీరు నిన్న బ్రదర్ మీదకి వచ్చారు, ఆయన నో అన్నాడు. బ్రదర్ ప్లాసిడ్ కాక మిగిలిన సన్యాసులు నలుగురు, నలుగురూ ఇక్కడే నా ముందు కూర్చున్నారు. మరి ఆసుపత్రిలో మంచం పక్కన తెల్ల అంగీ వేసుకుని జపం చేస్తున్న స్వామి ఎవరు రావుగారూ? మీ క్యాంపులన్నీ వెతికినా దొరకని నరేశే! సోమవారం కోర్టుకి..."

"మేడం!" భూమేశ్ అరిచాడు. కాలిన కాళ్ల మీద లేచి నిలబడ్డాడు. "అనకుండ్రి అన్న గద మేడం! ముదీర్ సాబ్ ముంగట అనకుండ్రి అన్న గద!"

సుభద్ర గబుక్కున భూమేశ్ వైపు తిరిగింది.

ఫాదర్ అన్సెల్మ్ కళ్లు మూసుకున్నాడు. "బ్రదర్‌ను పట్టుకొనగా నరేశ్ బట్టలకు నెత్తురు అంటుకొనియుండెను," అన్నాడు. "బ్రదర్‌ను ఒంటరిగా విడువను, నేనే కూర్చుందునని అడిగెను. మేము మా అంగీ ఇచ్చితిమి. అంతే అమ్మా, మేము ఎవరినీ మోసగింపలేదు."

ఆమె అప్పుడు రావు వైపు చూసింది. రావు ఆమె వంక చూడటం లేదు. ఆమెని రెచ్చగొట్టి తనకి కావలసింది రాబట్టుకున్నాక ఇంక చూడాల్సిన పనేముంది? ఒళ్లో ఫోన్ పెట్టుకుని, బొటనవేలితో ఆఖరి అక్షరం కొడుతున్నాడు.

సుభద్ర ఒక్క అంగలో వెళ్లి ఫోన్ లాక్కుంది. తెర మీద పేరు ఆశిష్. వార్డు గుమ్మంలో, మానవత్వంతో కూర్చున్న ఆశిష్.

లోపల ఉన్న స్వామే నరేశ్. చెయ్యి చూడు. అని అప్పటికే వెళ్లిపోయింది.

పక్కన రెండు గీతలు నీలంగా మారాయి. అవతల చదివాడు. అరనిమిషంలో జవాబు వచ్చింది.

చూశాను సార్. అంగీ లోపల కట్టు ఉంది. నర్సు బయటికెళ్లగానే లోపలికెళ్తాను.